అబ్రహాం తలకట్టు

శనివారం పొద్దున్న ఆరున్నర. చీపురుపల్లిలోని ఆ ఇంట్లో ఆ వేళకి మూడు పనులు ఒక్కసారే సాగుతాయి. కృపారాణి కూతురికి క్యారేజీ కడుతుంది. కూతురు రూబీ జడ వేసుకుంటూనే కాలితో చెప్పులు వెతుక్కుంటుంది. ఇంటి పెద్ద అబ్రహాం వీధి అరుగు మీద కూర్చుని దేవుడితో మాట్లాడుతుంటాడు. దాన్ని ప్రార్థన అనడానికి కృపారాణికి మనసొప్పదు. "దేవుడు ఓపికమంతుడు గాబట్టి ఇంటన్నాడు గానీ, ఇంకొకలైతే ఎప్పుడో ఫోను పెట్టీసేవోలు," అంటుంది.

ఆ రోజు ఆయన దేవుడికి తొందరగానే సెలవిచ్చేసి లోపలికొచ్చాడు. చోడి అంబలి గ్లాసు అందుకుని నిలబడే తాగేశాడు.

"ఏటి నాన్నా, ఇయాల అంత తొందర?" అంది రూబీ.

"మీ అన్నియ్య కొత్త సరుకు దించినాడమ్మా. సన్నపని. కంపెనీ మిషను సరిగ్గా ఎయ్యలేదంట. మనిషి సెయ్యి గావాలంట." ఆయన మొహం వెలిగిపోయింది. "సూసినావా? మిషను మిషను అన్నారు. తిరిగి మనిషి కాడికే రావలసొచ్చినాది."

"మంచిది నాన్నా," అని రూబీ సంచీ భుజాన వేసుకుంది. ఏడుంబావు ప్యాసింజరు అందకపోతే విజయనగరంలో షాపు తీసే వేళకి చేరలేదు. నడుస్తూ నడుస్తూ వెనక్కి చూస్తే, అబ్రహాం ఉలి మొనని అరచేతికి రుద్దుకుని పదును చూసుకుంటున్నాడు. ఏ కంపెనీ అని రూబీ అడగలేదు. వాచీల షోరూములో రిపేర్ల బల్ల ముందు కూర్చునే పిల్ల, తండ్రి ఏడు నెలలుగా వాచీ ముక్కల మీద పనిచేస్తున్నాడని తెలిసి కూడా, ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

అడగకపోవడానికి కారణం ఉంది. అబ్రహాం అంటే ఆ ఊళ్లో పేర్లు కొట్టే అబ్రహాం. పెళ్లి సామానయినా, గృహప్రవేశం బిందె అయినా, కొన్నాక ఆయన ముందు పెట్టాల్సిందే. నలభై ఏళ్లు బజారు మలుపులో గోనెపట్టా పరుచుకుని, స్టీలు మీద, ఇత్తడి మీద, ఇంటివాళ్ల పేర్లు ఉలితో కొట్టాడు. ఆయన అక్షరాలకి ఒక గుర్తుండేది. గుండ్రటి గిన్నె మీద తలకట్టు గీసేటప్పుడు ఉలి జారి పక్కకి గీత పడుతుంది. అది పడకుండా ఆయన చివర్లో మణికట్టు లోపలికి తిప్పి ఆపేవాడు. దాంతో ప్రతి తలకట్టూ పైకి లేచి, కొసన చిన్న కొడవలిలా లోపలికి వంగేది. ఊళ్లో పిల్లలు కూడా బడిలో ఎవరి తలకట్టు వంకర పోయినా "అబ్రహాం తలకట్టురా" అని ఎగతాళి చేసేవాళ్లు.

తర్వాత గిన్నెల షాపుల్లోకి మిషన్లొచ్చాయి. కంప్యూటర్లో పేరు కొడితే అర నిమిషంలో గిన్నె మీద పడుతుంది. అబ్రహాం గోనెపట్టా చుట్టేసి ఇంటికొచ్చాడు. ఆ రెండేళ్లూ ఆ ఇంట్లో ఎలా గడిచాయో ఎవరూ మాట్లాడుకోరు. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కలిపి లేచిపోయేవాడు. కృపారాణి ఇరుగుపొరుగు వాళ్లని బతిమాలి పాత గిన్నెలు తెచ్చి, "పేరు కొట్టాలంట, అడిగినారు," అని అబద్ధం చెప్పేది. ఆయనకి తెలిసిపోయి, ఒకనాడు ఆ గిన్నెలన్నీ వీధిలోకి విసిరేశాడు. అలాంటి మనిషి ఈ ఏడు ఈస్టరు తర్వాత, కొడుకు బెన్హర్ పని తెచ్చి చేతిలో పెట్టాక, మళ్లీ మనిషయ్యాడు. అందుకని అందరూ సంతోషించి ఊరుకున్నారు.

పదకొండింటికి షోరూములోకి ఒక పెద్దాయన వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, ఎండకి మాడి మాడి నల్లబడ్డ మనిషి. ఏసీ చల్లదనానికి కొంచెం బెదిరినట్టు నిలబడి, రుమాలు విప్పి ఒక వాచీ రూబీ ముందు పెట్టాడు.

"ఆగిపోనాదమ్మా. ఓర్విన్ అంట. దొడ్డ కంపెనీ అంట కదా? ఆ పేరు బోర్డు మీద రాసుంటే ఇటొచ్చినాను."

"ఎక్కడ కొన్నారు తాతా?"

"నాను కొనలేదమ్మా. నాది నౌపడ. అసిరయ్యంటారు. ఉప్పు మడుల్లో మేస్త్రిని. నలభయ్యేళ్లు పొద్దున్నా మాపూ గంట కొట్టినోడిని నానే. గంట కొడితే పనిలోకి దిగడం, గంట కొడితే గట్టెక్కడం. ఇంక సాలు అని మానీసినప్పుడు మావోలంతా పోగుసేసి ఈ గడియారం సేతికి కట్టినారు. 'ఇన్నాళ్లూ మాకు నువ్వు గంట సెప్పినావు, ఇంక నీకిది సెప్తాది' అన్నారు." చెబుతూ ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకుని నవ్వాడు.

రూబీ వెనక మూత విప్పింది. విప్పకముందే తెలుసు. లోపల ఉన్నది పండగ సంతలో దొరికే వాచీల్లోని మిషను. ఉప్పుగాలికి అప్పుడే తుప్పు పట్టింది. పైన అద్దం కింద పేరులోని అక్షరాలు కొద్దిగా ఉబ్బి, అంచులు అలుక్కుని ఉన్నాయి.

"తాతా, ఇది డూప్లికేటు," అంది మెల్లగా. ఇలాంటి మాట ఎన్నిసార్లు చెప్పినా ఆమెకి అలవాటు కాలేదు.

అసిరయ్య వాచీ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. "ఎలాగ తెల్సినాది?" అన్నాడు.

రూబీ లోపల్నించి ఒక అసలు ఓర్విన్ వాచీ తెచ్చి పక్కన పెట్టింది. ఆ కంపెనీ గుర్తు ఎగిరే పిట్ట. బెల్టు బకిల్ మీద గోరంత ఉంటుంది. భూతద్దం ఆయన చేతికిచ్చి రెండూ చూపించింది. పెద్దాయన ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"అవును, తేడాగుంది. మరొక మాట సెప్పమ్మా. ఇంత గడియారం సేసీసినోడికి, ఈ పిట్టొకటి సరిగ్గా సెయ్యడం రాదేటి?"

ఆ ప్రశ్న రూబీకి నచ్చింది. తను శిక్షణలో ఉన్నప్పుడు ఇదే అడిగింది. "అసలు వాచీ వాళ్ల దగ్గర ఉండదు తాతా. ఫోటో చూసి చేస్తారు. ఫోటో పెద్దది చేస్తే సన్నగీతలన్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. ఒక్కోసారి ఒకడు చేసిన అచ్చు మీదనుంచి ఇంకొకడు అచ్చు తీస్తాడు. తీసినప్పుడల్లా అంచులు అరిగిపోతాయి. పెద్దగా కనబడేవాటి మీద శ్రద్ధ పెడతారు, చిన్నవి ఎవరు చూస్తార్లే అని వదిలేస్తారు. పైగా కంపెనీవాడికి అది పిట్ట, రెక్కలో ఎన్ని ఈకలో కూడా లెక్కే. దొంగది చేసేవాడికి అది వట్టి గీత. వాడి చేతికి ఏ గీత అలవాటో అదే పడుతుంది."

ఆఖరి మాట అంటూ అంటూ ఆమె ఆగిపోయింది. భూతద్దం కంటికి పెట్టుకుని బకిల్ మళ్లీ చూసింది. అసలు పిట్ట రెక్క కొసన నిటారుగా తెగి ఉంటుంది. ఈ పిట్ట రెక్క పైకి లేచి, కొసన లోపలికి వంగింది. అచ్చులో పడిన తప్పు కాదది. ఉలి పట్టిన మణికట్టు తిరిగిన చోటు.

ఆగస్టులో ఇలాంటివి రెండొచ్చాయి. అప్పుడూ ఆమె భూతద్దం పెట్టింది. పెట్టి, వెంటనే తీసేసి, "డూప్లికేటు, రిపేరు చేయబడదు" అని చీటీ రాసి పంపేసింది. మళ్లీ చూడలేదు. చూస్తే తెలుస్తుందని తెలిసే చూడలేదు.

"ఏటమ్మా, అలాగైపోనావు?" అన్నాడు అసిరయ్య.

ఇంతలో మేనేజరు ధనరాజ్ వచ్చాడు. వాచీ చూసి, ఫోన్లో ఫోటోలు తీసుకున్నాడు. "ఈ ఏడు మన చుట్టుపక్కల ఇవి ఎక్కువైపోయాయి రూబీ. కంపెనీవాళ్లు సీరియస్‌గా ఉన్నారు. సోమవారం వాళ్ల మనిషి వస్తాడు, పోలీసు కంప్లయింటు ఇస్తారు. ఏ గీత ఎక్కడ తప్పో వివరంగా ఒక రిపోర్టు కావాలన్నారు. నువ్వే రాయాలి. నీకున్న కన్ను ఇక్కడ ఎవరికీ లేదు." బకిల్‌ని వేలితో తిప్పి చూశాడు. "ఇది మిషన్ మీద వేసిందా, చేత్తో చెక్కిందా? అది ముఖ్యమట. చేతిపనైతే మనిషిని పట్టుకోవడం తేలిక."

"చూడాలి సార్. ఇంటికి తీసుకెళ్లి రాస్తాను."

"తీసుకెళ్లు," అన్నాడు ధనరాజ్. మూడేళ్లలో ఒక్క స్క్రూ కూడా తేడా రాని పిల్ల మీద ఆయనకి అనుమానమెందుకు?

అసిరయ్య రసీదు తీసుకుని తువ్వాలు దులుపుకున్నాడు. "సోంవారం వస్తానమ్మా. ఇది డూప్లికేటని మా నౌపడోలకి తెల్వనియ్యకు. పాపం, ఎండలో సంపాయించిన డబ్బులు," అని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి రూబీ ఇంట్లో ఏమీ చెప్పలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక నలుగురూ ఇంటికొచ్చారు. ఆదివారమంటే బెన్హర్ కూడా కోడికూర కోసం తల్లి దగ్గరికే వస్తాడు. బజారు వెనక గది అద్దెకి తీసుకుని, ఫోన్లోనే వాచీలమ్మే వ్యాపారం అతనిది. చాప పరిచి, కంచాలు పెట్టి, కృపారాణి అన్నం వడ్డించబోయేసరికి రూబీ ఆ వాచీ తీసి చాప మీద పెట్టింది.

బెన్హర్ మొహం మాడిపోయింది. అబ్రహాం మాత్రం కళ్లజోడు సవరించుకుని వాచీ అందుకున్నాడు. జేబులోంచి భూతద్దం తీశాడు.

"నాదే ఇది," అన్నాడు ఎంతో ఇష్టంగా. "సూడమ్మా, ఆ రెక్క ఎంత నున్నగా తేలినాదో. గోరంత జాగాలో పదకొండు ఈకలు. నీకెక్కడ దొరికినాది?"

"మా షాపుకొచ్చినాది నాన్నా."

"నాన్నా, అది మన సరుకు కాదు," అన్నాడు బెన్హర్ గబగబా. "ఎవులిదో."

"నా సెయ్యి నాకు తెల్దేటిరా?" అబ్రహాం కొడుకు మీద కోప్పడ్డాడు. "అరవయ్యారేళ్లొచ్చినాయి. నాను కొట్టింది నాను పోల్చలేనా?"

రూబీకి ఏడుపొచ్చింది. పని బాగుందని కూతురు మెచ్చుకోవాలని ఆయన చూస్తున్నాడు. "నాన్నా, అది డూప్లికేటు. ఓర్విన్ అనేది వేరే దేశం కంపెనీ. ఆ కంపెనీకీ అన్నియ్యకీ ఏటీ సంబంధం లేదు. లోపలది సంత మిషను. నువ్వు కొట్టిన పిట్టని సూసి జనం అది ఓర్విన్ అనుకుంటన్నారు."

అబ్రహాం కొడుకు వైపు చూశాడు. బెన్హర్ తల వంచుకోలేదు. తప్పు చేసినవాడు తల వంచుకుంటాడనేది పాతకాలం మాట.

"ఏటైపోయిందిప్పుడు? ఊరంతా అమ్ముతన్నారు. గుర్తు లేకుండా వచ్చిన సరుకైతే దారిలో ఎవులూ పట్టుకోరు. ఇక్కడ గుర్తేస్తాం. ముందు స్టిక్కరేసినాను, మిషను మీద అచ్చు కూడా ఏసినాను. జనం ఫోన్లో పెద్దది సేసి సూసీసి, 'పిట్ట తేడాగుంది' అని వాపసు సేస్తన్నారు. మన ఇంట్లోనే ఇంత సెయ్యి పెట్టుకుని మిషన్ల ఎంట తిరగడమెందుకని నాన్నకి పనిచ్చినాను. తప్పేటి? కొనేవోలకి తెల్వదేటి? ఆ ధరకి అసలుదొస్తాదా?"

"నౌపడ ఉప్పు మడుల్లో పనిసేసినోలకి తెల్దు," అంది రూబీ. అసిరయ్య సంగతంతా చెప్పింది. గంట సంగతి కూడా చెప్పింది. అబ్రహాం కంచం ముందు నుంచి కొంచెం వెనక్కి జరిగాడు.

"ఆ రెక్క కొసన తోక తీసీ నాన్నా అని నీకు లచ్చసార్లు సెప్పినాను!" బెన్హర్ తండ్రి మీద విరుచుకుపడ్డాడు. "కంపెనీదాని లాగ సక్కగా కొయ్యమన్నాను. నీ తలకట్టు నువ్వు మానవు. ఇప్పుడు అదే మన పీకకి సుట్టుకున్నాది. ఈ సుట్టుపక్కల ఏ ఇంట్లో గిన్నె తిరగేసినా ఆ వంకరే ఉంటాది. పోలీసోలకి ఎంత సేపు?"

"తీసినాననే అనుకున్నాన్రా," అన్నాడు అబ్రహాం. కుడిచెయ్యి ఎత్తి, ఎవరిదో చేతిని చూసినట్టు చూసుకున్నాడు. "రోజూ తీద్దామనే కూకుంటాను. ఇది నా మాట ఇనదు."

 వంటింటి గడపలో నిలబడ్డ కృపారాణి అప్పుడు నోరు తెరిచింది. "నాకు అనుమానంగానే ఉన్నాది. డబ్బాలు మంచం కింద దాసమన్నప్పుడే అనుకున్నాను. కానీ ఈన రెండో మాటు కూర అడిగి ఏయించుకుంటన్నాడు. రెండేళ్ల తరవాత అడిగినాడు. నాకదే సాలనిపించినాది."

"నువ్వు మాత్రం అడిగినావా నాన్నా?" బెన్హర్ వదల్లేదు. "ఏ కంపెనీ, ఎక్కడిది, నా దగ్గరికెందుకొచ్చినాది అని ఒక్కనాడు అడిగినావా? నువ్వు అడగలేదు, నేను సెప్పలేదు."

అబ్రహాం తల ఊపాడు. "నిజమే. అడిగితే పని పోతాదని అడగలేదు." చేతిలోని వాచీ చాప మీద పెట్టేశాడు. "గిన్నె మీద పేరెందుకు కొడతారో తెల్సా? పెళ్లిలోనో, దినంలోనో పదిళ్ల గిన్నెలు కలిసిపోతాయి. పేరు సూసి ఎవులిది ఆలకి పంపుతారు. నాను కుర్రోడిగా ఉన్నప్పుడు ఒకడు ఒక గుండిగ తెచ్చినాడు. పాత పేరు అరగ్గొట్టి నా పేరు కొట్టు, ఎంతడిగితే అంతిస్తానన్నాడు. దొంగసొత్తని తెల్సిపోనాది. సుత్తెత్తి తరిమినాను. ఒక్క గుండిగకి పేరు మార్సనన్నోడిని... ఇన్ని గడియారాలకి మార్సీసినాను."

అన్నం చల్లారిపోయింది. కోడికూర గిన్నె మూత ఎవరూ తియ్యలేదు.

బెన్హర్ చెల్లెలి పక్కకి జరిగి గొంతు తగ్గించాడు. "రూబీ, ఒక్క మాట. మిషను మీద ఏసింది అని రాయి. ఎవులికీ ఏటీ కాదు. నేను ఈ పని మానీస్తాను, సరుకు రేపే తీయించేస్తాను. నువ్వు సెయ్యి అని రాసినావంటే పట్టుకెళ్లేది నన్ను కాదు, నాన్నని. ఈ వయసులో నాన్నని స్టేషన్లో కూకోబెట్టగలవా?"

రూబీ తండ్రి వైపు చూసింది. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ చేతులకి బేడీలు వేస్తారేమో అన్న ఊహ రాగానే ఆమె ధైర్యమంతా ఎటో పోయింది.

"రాస్తాను," అంది. "మిషనే అని రాస్తాను."

"వొద్దమ్మా," అన్నాడు అబ్రహాం.

"నువ్వు ఊరుకో నాన్నా," అని ఆమె గదిలోకి పోయి తలుపేసుకుంది. ఏ గీత ఎక్కడ తప్పో ఒక్కొక్కటీ రాసింది. అక్షరాల అంచులు, అలుక్కుపోయిన రంగు, ఈకల లెక్క. చివర రెక్క దగ్గరికొచ్చి, "మిషన్ లోపం వల్ల వచ్చిన వంపు" అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టింది. అంత శ్రద్ధగా ఆమె ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు.

సోమవారం ఆమె లేచేసరికి అబ్రహాం చర్చికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని అరుగు మీద ఉన్నాడు. ఆ పొద్దున దేవుడితో మాటల్లేవు. బెన్హర్ గదికి తాళం, ఫోను మూగ. సరుకంతా ఎత్తేశాడని పక్కవాళ్లు చెప్పారు. "నానూ వస్తాను," అన్నాడు అబ్రహాం. ఎంత వద్దన్నా వినలేదు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని, విజయనగరం వచ్చేదాకా బయటికే చూశాడు.

అసిరయ్య అప్పటికే వచ్చి షోరూము బెంచీ మీద కూర్చున్నాడు. పొద్దుటి బండికే వచ్చాడట. రూబీ ఆపేలోపు అబ్రహాం వెళ్లి ఆయన ముందు నిలబడి చేతులు జోడించాడు.

"బాబూ, నీ గడియారం మీద ఆ పిట్టని సెక్కినోడిని నానే. ఈ పిల్ల తండ్రిని."

అసిరయ్యకి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన లేవలేదు, అరవలేదు. అబ్రహాం చేతుల వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, జాలీ లేదు. పనిచేసినవాడు పనిచేసినవాడి చేతుల్ని చూసే చూపు.

"ఇంత పనొచ్చినోడివి," అన్నాడు. "ఇదేటి బుద్ధి?"

అబ్రహాం తల వంచుకున్నాడు. "తెల్వక సేసినాననుకున్నాను బాబూ. తెల్సుకోకుండా సేసినాను."

రూబీ వాచీ తీసి బల్ల మీద పెట్టింది. "తాతా, కేసు కోసం ఇది కొన్నాళ్లు ఇక్కడ ఉంచాలి. మీకు రసీదిస్తారు."

"ఎన్నాళ్లయినా ఉంచండి. తిరిగి నాకియ్యండి." అసిరయ్య వాచీని వేళ్లతో ఒకసారి తడిమాడు. "ముళ్లు తిరక్కపోయినా పర్లేదు. ఇది మావోలు నాకిచ్చింది. నువ్వు సెక్కింది కాదు." ఆ మాట అబ్రహాంతోనే అని, మొహం తిప్పుకున్నాడు. తిట్టుంటే అబ్రహాంకి ఇంత బాధ ఉండేది కాదు. అక్కడే నేల మీద కూలబడ్డాడు.

చప్పుడు విని ధనరాజ్ వచ్చాడు. సంగతంతా విన్నాడు. రూబీ రాసిన కాగితం తీసి ఆఖరి పేరా రెండుసార్లు చదివాడు.

"మిషన్ అని రాశావేంటి? ఈయన చేతిపని అంటున్నాడు. నీ తండ్రేనా?"

రూబీ తల ఊపింది. అబ్రహాం గోడ పట్టుకుని లేచాడు.

"పిల్లకి ఏటీ తెల్దు బాబూ. మేం ఇంట్లో సెప్పలేదు. రాసినాక, రాత్రే నాను సెప్పినాను. దాని ఉద్యోగం తియ్యకండి. అది సూసినా పోల్చలేదు, అంత సన్నపని." నలభై ఏళ్లలో ఎవరి పేరూ తప్పుగా కొట్టని మనిషి, కూతురి కోసం తడుముకోకుండా అబద్ధమాడాడు. ధనరాజ్ ఆ మాట నమ్మాడు. నమ్మడమే ఆయనకీ సుఖం. కాగితం మడవబోయాడు.

రూబీ ఊరుకుంటే అయిపోయేది. ఒక్క క్షణం ఊరుకుంది కూడా. ఆ క్షణం తనకెంత హాయిగా అనిపించిందో తలుచుకుని తర్వాత చాలా రోజులు సిగ్గుపడింది.

"తెలుసు సార్," అంది. "శనివారం చూడగానే తెలుసు. ఆగస్టులో రెండొచ్చాయి, అప్పుడే తెలుసు. చూసి, భూతద్దం తీసేశాను. ఆ రిపోర్టు చింపేయండి, మళ్లీ రాస్తాను."

ధనరాజ్ కాగితం బల్ల మీద పెట్టేశాడు. "రాశాక ఇక్కడ ఉండలేవు రూబీ. అది నా చేతిలో ఉండదు."

"రాస్తాను సార్."

రెండో కాగితం రాయడానికి పది నిమిషాలు పట్టింది. మెడలోని షోరూము కార్డు తీసి బల్ల మీద పెట్టింది. కంపెనీ మనిషి రాగానే అందరూ స్టేషనుకి వెళ్లాలని చెప్పి, ధనరాజ్ లోపలికి వెళ్లాడు. అసిరయ్య రసీదు మడిచి మొలలో దోపుకుని, రూబీ తల మీద ఒకసారి చెయ్యి పెట్టి, బండి వేళైందని వెళ్లిపోయాడు. అబ్రహాం వైపు మాత్రం చూడలేదు.

తండ్రీ కూతుళ్లు బయట మెట్ల మీద కూర్చున్నారు. ఎండ ఎక్కుతోంది. అబ్రహాం అప్పుడు ఏడ్చాడు. పని పోయిన రెండేళ్లలో కూడా రూబీ ఆయన కన్నీళ్లు చూడలేదు.

"ఎందుకు సెప్పీసినావమ్మా? నాను కాసినాను కదా నిన్ను. నీ పని కూడా పోనాది. పని పోతే ఎలాగుంటాదో నీకు తెల్దు."

"తెల్సు నాన్నా. నిన్ను సూసినాను కదా." ఆమెకీ ఏడుపు ఆగలేదు. "అమ్మ నిన్ను కాసినాది, నేను నిన్ను కాసినాను. నువ్వు అన్నం తింటన్నావని అందరం నోరు మూసుకున్నాం. ఒక్కరం అడిగుంటే, నువ్వు ఆ రోజే ఉలి పడీసేవోడివి. నాకు తెల్సు. తెల్సే అడగలేదు. నన్ను సెమించు నాన్నా."

అబ్రహాం ఆమె తలని భుజానికి ఆనించుకున్నాడు. రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి తిరిగి చూస్తున్నారు. ఇద్దరికీ పట్టలేదు.

కాసేపటికి ఆయనే అడిగాడు. "స్టేషన్లో ఏటడుగుతారమ్మా?"

"ముందు పేరడుగుతారు నాన్నా. పేరు, తండ్రి పేరు, ఊరు. తరవాత ఎవరిచ్చినారు ఈ పని అని అడుగుతారు."

"నా పేరు సెప్తాను."

"అన్నియ్య పేరు?"

 లోపల్నించి ధనరాజ్ పిలుస్తున్నాడు, కంపెనీ మనిషి వచ్చాడని. అబ్రహాం చొక్కా చేత్తో మొహం తుడుచుకుని, కూతురి చెయ్యి ఊతగా లేచాడు.

"సెప్తాను," అన్నాడు. "వాడికి ఆ పేరు పెట్టినోడిని నానే కదా."